యల్లాప్రగడ సుబ్బారావు: పిడుదు కాటు జ్వరాలకు మందు అందించిన తెలుగు శాస్త్రవేత్త

ఉత్తర అండమాన్‌లోని డిగ్లీపూర్‌లో వర్షాకాలం వచ్చిందంటే పొలం పనులు, అడవి పనులు ఒకేసారి మొదలవుతాయి. దీవుల్లో అన్నింటికంటే ఎత్తైన, 732 మీటర్ల శాడిల్ శిఖరం ఈ ప్రాంతంలోనే ఉంది. కల్పాంగ్ నది పారేదీ ఇక్కడే. వరి మడులు, వాటిని ఆనుకొని పొదలు, పొదలు దాటితే దట్టమైన అడవి. పశువులు మేసే చోటికీ మనుషులు నడిచే బాటకూ మధ్య దూరం చాలా తక్కువ. గడ్డిలో, ఆకుల చెత్తలో, పశువుల చెవుల వెనుక దాగి ఉండే చిన్న ప్రాణులు మనిషి ఒంటికి అంటుకునే అవకాశం ఇటువంటి చోటనే ఎక్కువ. పిడుదులు, గోమార్లు అని మన రైతులు పిలిచేవీ, కంటికి కనిపించనంత చిన్నవైన నల్లి జాతి పురుగులూ ఈ కోవలోనివే.

ఇవి కుట్టిన చోట నొప్పి పెద్దగా ఉండదు. అందుకే చాలామంది పట్టించుకోరు. వారం పది రోజుల తరువాత జ్వరం వస్తుంది. అది మలేరియా కావచ్చు, డెంగీ కావచ్చు, టైఫాయిడ్ కావచ్చునని అనుకుంటూ రోజులు గడుపుతారు. ఆ రోజులే ప్రాణం మీదికి తెస్తాయి. డిగ్లీపూర్ నుంచి శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లోని పెద్ద ఆసుపత్రికి రోడ్డు మార్గాన సుమారు 300 కిలోమీటర్లు. మార్గమధ్యంలో జరవా తెగ రక్షిత ప్రాంతం గుండా వాహనాలను నిర్ణీత వేళల్లో బృందాలుగా మాత్రమే అనుమతిస్తారు. జ్వరం ముదిరాక బయలుదేరితే ఆ ప్రయాణం రోగికి భారమవుతుంది. అదే జ్వరాన్ని మొదటి రోజుల్లోనే గుర్తిస్తే, ఊళ్లోని ఆరోగ్య కేంద్రంలో దొరికే చవకైన మాత్రలతోనే చాలామంది కోలుకుంటారు.

ఆ మాత్ర పేరు డాక్సీసైక్లిన్. అది టెట్రాసైక్లిన్ కుటుంబానికి చెందిన మందు. ఆ కుటుంబంలో మొట్టమొదటిది ఆరియోమైసిన్. దానిని వెలికితీసిన పరిశోధనశాలకు ఆనాడు సారథ్యం వహించినవారు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభాలో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. ఆ కుటుంబాలలో ఎందరో ఏదో ఒక జ్వరానికి ఈ మందును వాడే ఉంటారు. దాని వెనుక తమ భాష మాట్లాడిన ఒక మనిషి శ్రమ ఉందని తెలిసినవారు మాత్రం తక్కువ.

భీమవరం నుంచి మద్రాసుకు

సుబ్బారావు 1895 జనవరి 12న నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానంలో సుబ్బారావు నాలుగో వారు. అనారోగ్యం కారణంగా తండ్రి ముందుగానే ఉద్యోగం వదులుకోవడంతో ఇల్లు గడవడం కష్టమైంది. పదమూడేళ్ల వయసులో సుబ్బారావు కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదించాలని ఇల్లు విడిచి బయలుదేరారు. దారిలోనే దొరికిపోయారు. తల్లి ఆయనను మళ్లీ బడిలో కూర్చోబెట్టారు.

చదువు సాఫీగా సాగలేదు. రాజమహేంద్రవరంలో కొంతకాలం చదివారు. మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పి, మద్రాసు హిందూ హైస్కూలు నుంచి మూడోసారి గట్టెక్కారు. ఈలోగా తండ్రి కన్నుమూశారు. ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదువుతున్న రోజుల్లో రామకృష్ణ మిషన్ వైపు మనసు మళ్లింది. సన్యాసం తీసుకోవాలనుకున్నారు. తల్లి ససేమిరా అన్నారు. వైద్యం చదివితే మిషన్ సేవకు అదీ ఒక మార్గమేనన్న ఆలోచనతో మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. 1919లో శేషగిరితో వివాహమైంది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి చదువుకు అండగా నిలిచారు.

గాంధీజీ పిలుపుతో దేశమంతటా ఖద్దరు ప్రచారమవుతున్న రోజులవి. సుబ్బారావు శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు గౌనుతో వెళ్లారు. ఆంగ్లేయ ఆచార్యుడికి అది రుచించలేదు. పరీక్షలు బాగా రాసినప్పటికీ ఆయన చేతికి ఎంబీబీఎస్ పట్టా రాలేదు, దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ మాత్రమే వచ్చింది. ప్రభుత్వ వైద్యసేవలో ప్రవేశించే ప్రయత్నం ఫలించలేదు. మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో అధ్యాపకుడిగా చేరారు.

ఇద్దరు సోదరుల మరణం

ఆయన జీవితాన్ని మలుపు తిప్పిన దెబ్బ ఇంట్లోనే తగిలింది. స్ప్రూ అనే వ్యాధికి ఇద్దరు సోదరులు ఎనిమిది రోజుల వ్యవధిలో మరణించారు. తిన్నది ఒంటికి పట్టక, విరేచనాలతో, రక్తహీనతతో మనిషి కృశించిపోయే జబ్బు అది. ఆనాటి వైద్యుల దగ్గర దానికి మందు లేదు. సుబ్బారావు కూడా అదే జబ్బు బారిన పడ్డారు. ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి చికిత్సతో కోలుకున్నారు. వైద్యపట్టా ఉండి కూడా అన్నదమ్ములను కాపాడలేకపోయానన్న వేదన ఆయనను రోగుల పడకల పక్క నుంచి ప్రయోగశాల వైపు నడిపించింది.

అమెరికాకు వెళ్లేందుకు డబ్బు లేదు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామని మాట ఇచ్చింది. మామగారు మిగతాది సమకూర్చారు. 1922 అక్టోబరు 26న ఆయన బోస్టన్ చేరుకున్నారు. భార్యను పుట్టింట ఉంచి వెళ్లిన ఆయన మళ్లీ స్వదేశానికి రాలేదు. ఆయన వెళ్లిన తరువాత పుట్టిన కొడుకు పసితనంలోనే జబ్బుచేసి పోయాడు. ఆ బిడ్డ ముఖం ఆయన చూడనే లేదు. శేషగిరి తన జీవితమంతా ఎదురుచూపులోనే గడిపారు. సుబ్బారావు సాధించిన దాన్ని చెప్పుకునేటప్పుడు ఆమె చెల్లించిన మూల్యాన్ని కూడా గుర్తుంచుకోవాలి.

హార్వర్డ్‌లో ఆయన ఉష్ణమండల వ్యాధుల వైద్యంలో డిప్లొమా చేశారు. పొట్ట గడవడానికి పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రి పూట పనివాడిగా, రోగుల పక్కలు సర్దుతూ పనిచేశారు. తరువాత జీవరసాయన శాస్త్ర విభాగంలో సైరస్ ఫిస్కే వద్ద చేరారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రకటించారు. ఫిస్కే సుబ్బారావు పద్ధతిగా అది వైద్య విద్యార్థుల పాఠ్యగ్రంథాలకు ఎక్కింది. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఏటీపీ అనే పదార్థాన్ని గుర్తించడంలోనూ వారిద్దరి కృషి ఉంది. 1930లో డాక్టరేట్ వచ్చింది. అయినా హార్వర్డ్‌లో శాశ్వత పదవి దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో పూర్తికాలం చేరి, కొద్దికాలంలోనే పరిశోధనలకు డైరెక్టర్ అయ్యారు.

మట్టిలో దొరికిన మందు

లెడర్లీలో ఆయన గడిపింది ఎనిమిదేళ్లే. ఆ ఎనిమిదేళ్లలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను పొట్టన పెట్టుకున్న స్ప్రూ వ్యాధికి ఆ ఫోలిక్ ఆమ్లమే చికిత్సగా నిలిచింది. ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే రసాయనాలను కూడా అదే బృందం తయారుచేసింది. వాటితోనే బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్‌తో బాధపడే పిల్లలకు తొలిసారి కొంత ఊరట కలిగించగలిగారు. బోదకాలుకు నేటికీ వాడే డీఈసీ మందు 1947లో హెట్రజాన్ అనే పేరుతో అక్కడి నుంచే వెలువడింది. నికోబార్‌లోని నాన్‌కౌరీ దీవుల్లో బోదకాలును రూపుమాపేందుకు పరిశోధకులు పంచిన ప్రత్యేక ఉప్పులో కలిపినది ఈ మందునే.

నాలుగో విజయం మట్టి నుంచి వచ్చింది. పెన్సిలిన్ కొన్ని రకాల సూక్ష్మజీవుల మీద మాత్రమే పనిచేస్తుందని యుద్ధకాలంలో తేలిపోయింది. మరింత విస్తృతంగా పనిచేసే మందు కోసం సుబ్బారావు మట్టిలోని సూక్ష్మజీవుల అన్వేషణకు పూనుకున్నారు. ఆ పనికి డెబ్బై ఏళ్లు దాటిన వృక్షశాస్త్ర ఆచార్యుడు బెంజమిన్ డగ్గర్ లభించారు. వివిధ ప్రాంతాల నుంచి మట్టి నమూనాలు తెప్పించారు. మిస్సోరీ విశ్వవిద్యాలయపు సాన్‌బోర్న్ ప్రయోగ క్షేత్రం నుంచి వచ్చిన మట్టిలో 1945లో డగ్గర్‌కు బంగారు రంగు పదార్థాన్ని స్రవించే ఒక సూక్ష్మజీవి కనిపించింది. దానికి ఏ-377 అని గుర్తు వేశారు. ఆ బంగారు రంగును బట్టే మందుకు ఆరియోమైసిన్ అనే పేరు వచ్చింది. కనుగొన్న కీర్తి డగ్గర్‌ది. ఆ అన్వేషణకు దారి వేసి, మనుషులను సమకూర్చి, ప్రయోగశాలలో పుట్టినదాన్ని రోగి మంచం దాకా చేర్చిన బాధ్యత సుబ్బారావుది.

పిడుదు జ్వరాల కథ ఇక్కడ ఈ మందుతో కలుస్తుంది. అమెరికాలో రాకీ పర్వత మచ్చల జ్వరం అనే వ్యాధి ఉండేది. పిడుదు కాటుతో అది సోకుతుందని హోవర్డ్ రికెట్స్ 1906లో నిరూపించారు. దానికి కారణమైన సూక్ష్మజీవుల జాతికి ఆయన పేరుమీదనే రికెట్సియా అని పేరు పెట్టారు. ఆయన 1910లో మెక్సికోలో టైఫస్‌ను పరిశోధిస్తూ అదే జ్వరంతో మరణించారు. మందు లేని రోజుల్లో ఈ మచ్చల జ్వరం సోకిన ప్రతి ఐదుగురిలో సుమారు ఒకరు మరణించేవారు. కొన్ని లోయల్లో మరణాలు ఇంకా ఎక్కువగా ఉండేవి. ఈ క్రిములు మన శరీర కణాల లోపలికి దూరి పెరుగుతాయి. కనుక పెన్సిలిన్ వీటిని ఏమీ చేయలేకపోయింది.

ఈ జ్వరం మీద ఏళ్ల తరబడి పనిచేసిన హెరాల్డ్ కాక్స్ 1942లో లెడర్లీలో చేరారు. ఆరియోమైసిన్ చేతికి రాగానే కాక్స్ బృందం రికెట్సియా సోకిన కోడిగుడ్ల మీద, జంతువుల మీద పరీక్షించింది. మందు పనిచేసింది. 1948లో వైద్యులు రాకీ పర్వత మచ్చల జ్వరం సోకిన రోగులకు దీన్ని ఇచ్చి చూశారు. రెండు మూడు రోజుల్లోనే జ్వరం దిగింది. అదే ఏడాది మలయాలో క్లోరాంఫెనికాల్ అనే మరో మందు స్క్రబ్ టైఫస్‌ను లొంగదీసింది. బర్మా రంగంలో సైనికులను బలిగొన్న జ్వరం ఈ స్క్రబ్ టైఫస్సే. రికెట్సియా జ్వరాల చరిత్రలో 1948 ఆ విధంగా ఒక సరిహద్దు రేఖ.

ఆ ఏడాదే ఆగస్టులో సుబ్బారావు పెర్ల్ రివర్‌లోని తన గదిలో నిద్రలోనే కన్నుమూశారు. గుండెపోటు అని తేల్చారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్లు. మందు రోగులకు అందడం మొదలైన నెలలవి. ఆయన భారత పౌరుడిగానే మరణించారు. నోబెల్ బహుమతి రాలేదు. బతికి ఉండగా స్వదేశంలో ఆయన పేరు తెలిసినవారు కొద్దిమందే. శతజయంతి ఏడాది 1995లో భారత తపాలా శాఖ ఆయన స్మారక బిళ్లను విడుదల చేసింది. ఒక శిలీంధ్ర జాతికి శాస్త్రవేత్తలు సుబ్బారోమైసెస్ అని ఆయన పేరు పెట్టారు. ఆరియోమైసిన్ తరువాత అదే కుటుంబంలో మెరుగైన మందులు వచ్చాయి. 1967 నుంచి డాక్సీసైక్లిన్ వాడుకలో ఉంది. పిడుదుల వల్ల వచ్చే మచ్చల జ్వరానికైనా, స్క్రబ్ టైఫస్‌కైనా వైద్యులు ముందుగా తలచుకునేది నేటికీ దీన్నే.

మందు ఉన్నా ప్రాణాలు ఎందుకు పోతున్నాయి

సుబ్బారావు సోదరులు మందు లేక మరణించారు. నేడు పిడుదు కాటు జ్వరాలతో మరణించేవారిలో అనేకులు మందు ఉండి కూడా, దాని అవసరం సకాలంలో తెలియక మరణిస్తున్నారు. రెండింటి మధ్య తేడా అవగాహన ఒక్కటే.

మన దేశంలో మచ్చల జ్వరాన్ని వ్యాపింపజేసేవాటిలో కుక్కల ఒంటిమీద ఉండే గోధుమరంగు పిడుదు ప్రధానమైనది. స్క్రబ్ టైఫస్‌ను తెచ్చేది పిడుదు కాదు. పొదల్లో, గడ్డిలో, ఎలుకలు తిరిగే చోట ఉండే చిగ్గర్ అనే నల్లి జాతి పురుగు పిల్ల దశ దానికి మూలం. అండమాన్ దీవుల్లోనూ, తెలుగు రాష్ట్రాల్లోనూ స్క్రబ్ టైఫస్ కేసులు నమోదయ్యాయి. రెండు జ్వరాలకూ లక్షణాలు దగ్గర దగ్గరగా ఉంటాయి. తీవ్రమైన జ్వరం, తలనొప్పి, ఒళ్లు నొప్పులు వస్తాయి. మచ్చల జ్వరంలో అరచేతులు, అరికాళ్లతో సహా ఒంటిమీద ఎర్రటి దద్దుర్లు కనిపించవచ్చు. స్క్రబ్ టైఫస్‌లో పురుగు కుట్టిన చోట చుట్ట కాలినట్టు నల్లటి పొక్కు ఏర్పడవచ్చు. అది చంకలోనో, గజ్జల్లోనో, చెవి వెనుకనో, నడుము దగ్గరో ఉంటుంది. నొప్పి లేకపోవడం వల్ల రోగికే తెలియదు. అందుకే జ్వరం వచ్చినవారి ఒళ్లంతా ఇంటివారు ఒకసారి పరిశీలించడం మంచిది.

వైద్యుడికి చెప్పవలసిన మాటలు కొన్ని ఉన్నాయి. గత రెండు మూడు వారాల్లో అడవికి, తోటకు, పొలానికి వెళ్లామా, పశువులను కడిగామా, కుక్కకు పిడుదులు తీశామా, ఒంటిమీద పురుగు కనిపించిందా అన్నవి వైద్యుడు అడగకపోయినా చెప్పాలి. రక్తపరీక్ష ఫలితం మొదటి రోజుల్లో స్పష్టంగా రాకపోవచ్చు. లక్షణాలను బట్టి అనుమానం బలంగా ఉంటే ఫలితం కోసం ఆగకుండా చికిత్స మొదలుపెట్టడమే వైద్యశాస్త్రం అనుసరిస్తున్న పద్ధతి. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది.

అలాగని ఈ మాత్రలను ఎవరికి వారే కొని మింగకూడదు. ఏ జ్వరానికి, ఎవరికి, ఎంత మోతాదులో ఇవ్వాలో వైద్యుడే నిర్ణయించాలి. పిడుదు తెచ్చే జ్వరాలన్నీ ఈ మందుకు లొంగవు కూడా. కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో 1957లో బయటపడిన కోతి జ్వరం, 2011లో గుజరాత్‌లో కనిపించిన క్రిమియన్ కాంగో జ్వరం పిడుదుల ద్వారానే సోకుతాయి. అయితే వాటికి కారణం వైరస్‌లు. యాంటీబయాటిక్ వాటి మీద పనిచేయదు. అటువంటి వాటికి నివారణే ప్రధానమైన రక్ష.

ఆ నివారణ ఖర్చుతో కూడినది కాదు. అడవికి, పొలానికి వెళ్లేటప్పుడు పొడవు చేతుల చొక్కా, కాళ్లు కప్పే దుస్తులు వేసుకోవాలి. ప్యాంటు అంచును మేజోళ్లలోకి దోపుకోవాలి. పురుగులను దూరంగా ఉంచే లేపనం రాసుకోవాలి. గడ్డి మీద నేరుగా కూర్చోకుండా, పడుకోకుండా ఏదైనా పరుచుకోవాలి. ఇంటికి రాగానే బట్టలు విడిచి, స్నానం చేసి, చంకలు, గజ్జలు, మోకాళ్ల వెనుక భాగం, తలవెంట్రుకల మధ్య చూసుకోవాలి. పిల్లలను పెద్దలే చూడాలి. పశువులకు, కుక్కలకు పశువైద్యుల సలహాతో పిడుదుల మందు వేయించాలి. ఇంటి చుట్టూ పొదలు కొట్టేసి, ఎలుకలు చేరకుండా చూసుకోవాలి.

ఒంటికి పిడుదు అంటుకొని ఉంటే కిరోసిన్ పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం, వేళ్లతో నలపడం తగదు. సన్నని పట్టకారుతో చర్మానికి వీలైనంత దగ్గరగా పట్టుకొని, మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగాలి. తరువాత ఆ చోటును, చేతులను సబ్బుతో కడుక్కోవాలి. పురుగును తీసిన తేదీని గుర్తు పెట్టుకోవాలి. ఆ తరువాతి రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే ఆ తేదీని వైద్యుడికి చెప్పాలి.

రెండు మహాసముద్రాల ఆవల ఒక ప్రయోగశాలలో సుబ్బారావు రాత్రింబవళ్లు శ్రమించింది తన ఇంట జరిగినది మరొకరి ఇంట జరగకూడదనే. మందు తయారుచేయడం వరకు ఆయన పని. అది సకాలంలో రోగిని చేరడం మాత్రం డిగ్లీపూర్ పొలంగట్టు మీద కాలికి అంటిన పురుగును చూసుకున్న రైతు, జ్వరం వచ్చిన రోజే ఆ సంగతి చెప్పిన ఇల్లాలు, విని అనుమానించిన వైద్యుడు కలిసి చేయవలసిన పని.